అనసూయగారి అభ్యంతరం

అనసూయగారు పోయారన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను కారులో పెట్రోలు నింపుకుంటున్నాను. చదివాను. పైపు తీసి దాని చోట పెట్టాను, మూత బిగించాను, రసీదు వద్దని బటన్ నొక్కాను. ఆఫీసుకి వెళ్ళి పని చేసుకున్నాను. పక్క సీటావిడ తన కొడుకు హాకీ ఆట గురించి ఏదో చెబితే నవ్వాను కూడా. సాయంత్రం ఇంటికొచ్చి కుక్కర్ పెట్టాక, ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. నాకది కొత్తేమీ కాదు. ఈ దేశం వచ్చిన తొలి ఏళ్ళలో చలికి వేళ్ళు మొద్దుబారినట్టే లోపల కూడా ఏదో మొద్దుబారింది. వేళ్ళకి మళ్ళీ స్పర్శ తెలిసింది గాని రెండోది పూర్తిగా తిరిగొచ్చిందని చెప్పలేను.

మంచు కరిగాక రాఘవరావుగారిని చూడటానికి ఇక్కడే కెనడాలో ఉన్న కేంబ్రిడ్జ్ వెళ్ళాను. ఆయన అనసూయగారి భర్త. ఇల్లు అమ్మేసి, వయసు పైబడినవాళ్ళ కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో ఒక చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. నేను వెళ్ళేసరికి టీవీలో వాళ్ళ పాత ఊరి కౌన్సిల్ మీటింగ్ చూస్తున్నారు. ఆ ఊళ్ళో ఇప్పుడు ఆయనకి ఓటూ లేదు, ఇల్లూ లేదు. అయినా మీటింగ్ ఉన్న రోజు పెట్టుకుని చూస్తారట. తెర మీద ఇద్దరు కౌన్సిలర్లు ఒకరి మీదికొకరు వేళ్ళు చూపించుకుంటూ అరుచుకుంటున్నారు. మేయర్ ఎవరివైపూ చూడకుండా ఫోన్ చూసుకుంటున్నాడు. రాఘవరావుగారు రిమోట్ తీసి సౌండు ఆపేశారు. “ఇలా చూస్తే ఇద్దరూ జుగల్‌బందీ పాడుతున్నట్టు లేదూ?” అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కాఫీ కలుపుతానని లేచి, వంటగది గుమ్మం దగ్గర కాసేపు అలాగే నిలబడిపోయారు, అక్కడికి ఎందుకొచ్చారో గుర్తుచేసుకుంటున్నట్టు. తిరుగు ప్రయాణంలో నాకు ఆ ఇల్లు, ఆ రోజులు, ఆ ఒక్క సాయంత్రం వరసగా గుర్తుకొచ్చాయి.

ఆ ఏళ్ళలో మేం కెనడాకి గుంపులు గుంపులుగా వచ్చాం. విమానం దిగిన సగం మంది చేతుల్లో ఒకే రకం ప్లాస్టిక్ ఫోల్డర్లు, ఒంటి మీద మడత నలగని కొత్త జాకెట్లు. కేంబ్రిడ్జ్ పక్కనే ఉన్న ఆ చిన్న ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. ఊళ్ళో ఒక కాలేజీ కొత్తగా క్యాంపస్ తెరిచింది. తరగతి గదులు కట్టారు గాని, వచ్చినవాళ్ళంతా ఎక్కడ పడుకుంటారని ఎవరూ అనుకున్నట్టు లేదు. ఒక్కో ఇంట్లో పది పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. బస్టాపుల్లో మేమే, వేర్‌హౌస్‌లో మేమే, ఆదివారం లాండ్రీ దగ్గర మేమే. నేను ఒంగోలు నుంచి వచ్చాను. రైలు పట్టాల పక్కనున్న ఇంట్లో, హాల్లో ఒక కర్టెన్ కట్టిన మూల నాది. కర్టెన్‌కి అటువైపు కరీంనగర్ అమ్మాయి కీర్తి. వేర్‌హౌస్‌లో మా షిఫ్టులు వేరు కాబట్టి నేను లేచేసరికి ఆ పిల్ల వచ్చి పడుకునేది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నది తక్కువ, ఒకళ్ళ దగ్గు ఒకళ్ళు విన్నది ఎక్కువ.

అనసూయగారు నాకు ఇండియన్ కొట్లో కరివేపాకు బుట్ట దగ్గర పరిచయమయ్యారు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సొంతూరు బందరు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ముక్కుపుడక మాత్రం తీయకుండా ఉంచుకున్నారు. “ఎక్కడుంటున్నారమ్మా మీరు?” అని అడిగారు. నన్ను ‘మీరు’ అన్న మొదటి పెద్దావిడ. చెప్పాను. తర్వాతి ఆదివారం రాఘవరావుగారు కారు తీసుకొచ్చి నా సూట్‌కేసు ఎక్కించుకున్నారు. వాళ్ళ బేస్‌మెంట్లో కిటికీ ఉన్న గది ఇచ్చారు. అద్దె వద్దన్నారు. అది దయ అనుకుని నేను ఇబ్బంది పడుతుంటే ఆవిడే చెప్పారు: “దయ కాదమ్మా. నేను కౌన్సిలర్‌ని. అద్దె తీసుకుంటే రేపు అద్దె ఇళ్ళ విషయం కౌన్సిల్‌కి వచ్చినప్పుడు నేను లేచి బయటికెళ్ళిపోవాలి, నోరెత్తకూడదు. నాకు నోరెత్తాలని ఉంది. కాబట్టి మీరు మా చుట్టాలమ్మాయి అనుకోండి.”

ఆ ఇంట్లో ఉదయం ఇంగువ పోపు వాసనతోనూ, హీటర్ జాలీ మీద ఆరేసిన ఉన్ని గ్లౌజుల తడి వాసనతోనూ కలిసి మొదలయ్యేది. ఆ రెండూ కలిస్తే వచ్చే వాసన ఇంకెక్కడా నాకు తగల్లేదు. ఆవిడ వంటింటి బల్ల దగ్గర ఒక పక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఇంకో పక్క కౌన్సిల్ ఎజెండా చదివేవారు. మురుగు కాలవలు, మంచు తోసే లారీలు, ఎవరో తమ గ్యారేజీని అడుగు ముందుకి జరుపుకుంటామని పెట్టుకున్న అర్జీ, అన్నీ చదివేవారు. మాట్లాడవలసింది ఉంటే పొయ్యి ముందు నిలబడి పైకి చెప్పుకుని సరి చూసుకునేవారు. రాఘవరావుగారు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మీటింగ్ ఉన్న రోజు మధ్యాహ్నం ఆవిడ బూట్లు తుడిచి తలుపు దగ్గర పెట్టడం, చిన్న డబ్బాలో పెరుగన్నం కలిపి మూత పెట్టడం ఆయన పనులు. ఆయన కూడా ఆవిడని ‘మీరు’ అనే పిలిచేవారు. మా ఇంట్లో నాన్న అమ్మని అలా పిలవగా నేనెప్పుడూ వినలేదు. మొదటి వారం వాళ్ళిద్దరికీ ఏదో గొడవ జరుగుతోందేమో, అందుకే ఇలా మాట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను.

గొడవలు లేకపోలేదు. ఉన్నప్పుడు మాత్రం తమాషాగా ఉండేవి. రాత్రి భోజనం దగ్గర నన్ను మధ్య కుర్చీలో కూర్చోబెట్టేవారు. “అధ్యక్షా!” అని మొదలుపెట్టేవారు ఆయన, టీవీలో మన అసెంబ్లీ గొంతుతో. “తమరి ద్వారా గౌరవ సభ్యురాలికి మనవి చేసేదేమిటంటే, పప్పులో ఉప్పు పడలేదు.” ఆవిడ నా వైపే చూస్తూ, “అధ్యక్షా, ఉప్పు డబ్బా గౌరవ సభ్యుల వారి మోచేతి పక్కనే ఉంది” అనేవారు. నేను ఏమనాలో తెలియక “సరే” అనేదాన్ని. ఒకసారి ఆవిడని అడిగాను, కౌన్సిల్‌లో నిజంగానే ఇలా మాట్లాడతారా అని. “నిజంగానే. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదు. ఏదన్నా మేయర్ గారి ద్వారానే” అన్నారు. “ఇంగ్లీషులో నువ్వు, మీరు రెండూ ఒకటే మాట కదమ్మా. ఆ ఒక్క మాటతో ఎదుటివాణ్ణి ఎంత దూరమైనా తోసేయొచ్చు. అందుకని మధ్యలో ఒక మనిషిని కూర్చోబెట్టుకున్నారు. కోపం ఆయన దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి కాస్త చల్లారుతుందని.”

చల్లారని మనిషి ఒకాయన ఉండేవారు. పేరు వాల్టర్ క్లైన్. అదే ఊళ్ళో పుట్టి, అక్కడే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా పనిచేసి, ఎన్నో ఏళ్ళుగా కౌన్సిల్‌కి గెలుస్తున్న పెద్దమనిషి. ఎర్రటి చెవులు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. అనసూయగారు రెండోసారి ఎన్నికై అప్పటికే చాలాకాలమైనా ఆయనకి ఆవిడ “కొత్తగా వచ్చిన లేడీ”. పేరు పెట్టి పిలవవలసి వస్తే మొదటి అక్షరం దగ్గర ఆగి, చేత్తో గాలిలో ఏదో గీసి వదిలేసేవారు. ఆవిడ మాట్లాడటం అయ్యాక, “ఇప్పుడు చెప్పింది ఎవరికన్నా అర్థమైందా?” అని అటూ ఇటూ చూసేవారు. అప్పుడు ఆవిడ, “మిస్టర్ మేయర్, మీ ద్వారా కౌన్సిలర్ క్లైన్ గారి కోసం నా మాట మళ్ళీ చెబుతాను” అని, మొత్తం మొదటినుంచి నిదానంగా మళ్ళీ చెప్పేవారు. గొంతులో వెటకారం ఉండేది కాదు. నేను కొన్ని మీటింగ్‌లకి వెళ్ళి వెనక వరసలో కూర్చునేదాన్ని, వెచ్చగా ఉంటుందని. చూస్తుంటే నాకు కోపం రావాలని తెలుస్తుండేది. ఆ రోజుల్లో నాకు కోపం కూడా సరిగా వచ్చేది కాదు.

ఆ చలికాలం ముందు ఆవిడ భోజనాల దగ్గర ఒక మాటన్నారు, అధ్యక్షుల ఊసు లేకుండా. “క్లైన్ గారు ఇవాళ ‘వంతెన’ అన్న మాట కోసం వెతుక్కున్నారండీ. పక్కాయన అందిస్తే గాని దొరకలేదు.” రాఘవరావుగారు తల పంకించి, మజ్జిగ పోసుకున్నారు. అంతే.

తర్వాత అద్దె ఇళ్ళ గొడవ వచ్చింది. వీధుల్లో కార్లు, చెత్తబుట్టలు, ఒక్కో ఇంట్లో అంతమంది ఉండటం ఊరివాళ్ళకి కంటగింపైంది. వాళ్ళది తప్పని అనను. మేమున్న ఇళ్ళు నిజంగానే మనుషులుండే ఇళ్ళలా లేవు. చుట్టరికం లేనివాళ్ళు ఒక ఇంట్లో కొందరికి మించి ఉండకూడదని ఒక నిబంధన తయారైంది. అది అమల్లోకి వస్తే పట్టాల పక్క ఇల్లు సగానికి పైగా ఖాళీ చెయ్యాలి, ఆ చలిలో, చదువు మధ్యలో. దానికి ఒక సవరణ పెట్టారు అనసూయగారు, డారెన్ రీడ్ అనే కుర్ర కౌన్సిలర్ కలిసి: ఇప్పటికే ఉంటున్న విద్యార్థులు చదువు పూర్తయ్యేదాకా ఉండొచ్చని. డారెన్‌కి ముప్పై దాటి ఉండవు. మా కోసం అరిచేది అతనొక్కడే. మేం బస్టాపులో కనిపిస్తే కారు ఆపి ఎక్కించుకునేవాడు. అనసూయగారి వంటింట్లో ఉప్మా తింటూ ఎవరు ఎటు ఓటేస్తారో వేళ్ళ మీద లెక్కపెట్టి, “మనకి ఒక్కటి ఎక్కువ. ఒక్కటి చాలు” అన్నాడు. ఆ సాయంత్రం మీటింగ్‌కి కీర్తితో పాటు ఆ ఇంటివాళ్ళంతా వచ్చారు. హాల్లో ఒక వైపు మేం, తడి బూట్లతో. ఇంకో వైపు ఊరివాళ్ళు. వాళ్ళ బూట్లూ తడివే.

క్లైన్ గారి వంతు వచ్చింది. “ఈ ఇళ్ళు కుటుంబాల కోసం కట్టినవి. నేను పుట్టిన వీధిలో...” అని మొదలుపెట్టారు. కొంతసేపు బాగానే మాట్లాడారు. ఆ తర్వాత, “వాళ్ళు ఒక్కో ఇంట్లో... ఆ...” అని ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి. మాట రావడం లేదు. అరచేత్తో బల్లని తుడుస్తున్నారు, ఆ మాట దాని మీదెక్కడో పడిపోయిందన్నట్టు. అప్పుడు డారెన్ మైకు నొక్కాడు. “ఎందుకొచ్చారో గుర్తులేనివాళ్ళు ఇంటికెళ్ళి పడుకుంటే, మిగతావాళ్ళం ఓటేసుకుంటాం” అన్నాడు.

మా వైపు నుంచి పెద్దగా నవ్వు వచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టారు. క్లైన్ గారు తలెత్తలేదు. ఆ చెవులు మామూలు కంటే ఎర్రబడ్డాయి.

అనసూయగారు చెయ్యెత్తారు. “పాయింట్ ఆఫ్ ఆర్డర్, మిస్టర్ మేయర్.” సభా నియమం తప్పారని అభ్యంతరం చెప్పే మాట అది.

మేయర్ మెత్తని మనిషి. ఎవరి జోలికీ పోకుండా ఆ పదవిలో గడుపుకొస్తున్నాయన. “చెప్పండి, కౌన్సిలర్” అన్నాడు.

“మీ ద్వారా కౌన్సిలర్ రీడ్‌ని కోరుతున్నాను, ఇప్పుడన్న మాట వెనక్కి తీసుకోవాలని.”

డారెన్ ఆవిడ వైపు తిరిగాడు. మేయర్ సంగతే మర్చిపోయాడు. “ఆయన ఇన్నేళ్ళుగా మిమ్మల్ని ఏమేమన్నారో ఈ గదిలో అందరికీ తెలుసు. ఆయన కోసమా మీరు లేచింది?”

“మిస్టర్ మేయర్,” అన్నారావిడ, డారెన్ వైపు చూడకుండా, “నా అభ్యంతరం అలాగే ఉంది.”

మేయర్ గొంతు సవరించుకుని, సాగిపోదాం, పొద్దుపోతోంది అన్నట్టు ఏదో అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. మీటింగ్ నియమాలు చూసే ఉద్యోగిని వంగి మేయర్ చెవిలో ఏదో చెప్పింది. అప్పుడు ఆయన డారెన్‌ని అడిగాడు, మాట వెనక్కి తీసుకుంటారా అని. డారెన్ తీసుకోనన్నాడు. మళ్ళీ అడిగాడు. “నేనన్నది నిజం. నిజాన్ని వెనక్కి తీసుకోను” అన్నాడు డారెన్. అలా తీసుకోని సభ్యుడు ఆ మీటింగ్ అయ్యేవరకు బయటికి వెళ్ళిపోవాలి. అది నియమం. అప్పటికి హాల్లో అందరికీ అర్థమైంది, డారెన్ వెళ్తే ఏమవుతుందో. డారెన్‌కి తెలుసు. ఆవిడకి అందరికంటే ముందు తెలుసు. ఆవిడ తగ్గుతారని అతను ఆగాడు, అతను తగ్గుతాడని ఆవిడ ఆగారు. నా పక్కన రాఘవరావుగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నారు. చివరికి డారెన్ కుర్చీ వెనక్కి నెట్టి, కోటు చేత్తో పట్టుకుని, ఎవరినీ చూడకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఓటింగ్ జరిగింది. క్లైన్ గారు సవరణకి వ్యతిరేకంగా చెయ్యెత్తారు. అనసూయగారు అనుకూలంగా ఎత్తారు. రెండు వైపులా సమానంగా వచ్చాయి.

“ఏమైందే? మనం గెలిచినమా?” అంది కీర్తి, నా చెయ్యి పట్టుకుని.

“సమానంగా వచ్చింది.”

“సమానమంటే?”

“ఓడినట్టేనట.”

కీర్తి నా చెయ్యి వదిలేసింది. నాకా క్షణం బాగా గుర్తుంది, ఎందుకంటే నాకు ఏమీ అనిపించలేదు. గదిలో దీపాలు చాలా తెల్లగా ఉన్నాయని మాత్రం అనుకున్నాను.

కారు రాఘవరావుగారు నడిపారు. అనసూయగారు ముందు సీట్లో పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, మూత తీయలేదు. ఇల్లు దగ్గరపడ్డాక ఒక్కసారే, “పాలు ఉన్నాయా అండీ ఇంట్లో?” అని అడిగారు. “ఉన్నాయి” అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం కీర్తి వచ్చింది. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. అనసూయగారు లోపలికి రమ్మన్నారు. రాలేదు.

“ఒక్క నిమిషం సప్పుడు చెయ్యకుండ కూసుంటే అయిపోతుండె కదా ఆంటీ” అంది. “ఆయనకోసం మమ్మల్ని రోడ్డు మీద పడేసిన్రు. ఆయన మీకేమైతడు? మిమ్మల్ని రోజూ తిట్టేటోడు.”

“అవునమ్మా” అన్నారావిడ.

“అవునంటే ఏంది?”

“నేను ఊరుకుని ఉంటే మీకు ఇల్లు ఉండేది. మీరన్నది నిజమే. కాదని నేనెలా అంటాను?”

“మరి ఎందుకు లేసిన్రు?”

ఆవిడ చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టారు, విప్పారు. “ఆయన ఓటు తప్పు. మాట కూడా తప్పే చెప్తున్నారు. దానికి మనం జవాబు చెప్పొచ్చు. కానీ మనం నవ్వింది ఆయన చెప్పినదానికి కాదమ్మా. చెప్పలేకపోయినందుకు నవ్వాం. అది చూస్తూ కూర్చుని, దాని వెంటే మన ఓటు వేసుకుని ఇంటికి రావడం నా వల్ల కాలేదు.”

“మీ మర్యాదకు మేం కిరాయి కడుతున్నమన్నట్టు” అంది కీర్తి. కీర్తి ఏడవలేదు. ఏడిస్తే నయమనిపించేలా నిలబడి, తిరిగి వెళ్ళిపోయింది. అనసూయగారు గుమ్మం దగ్గర కరుగుతున్న మంచు నీళ్ళు తువ్వాలుతో తుడిచి, చేతులు కడుక్కుని, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నారు. ఆ పూట ఒక్క కాయ కూడా ఈనె తీయలేదు.

రెండు రోజుల తర్వాత రాఘవరావుగారు ఇంటి ముందు మంచు తోస్తుంటే నేనూ పార పట్టుకున్నాను. ఆయన తనంతట తనే చెప్పారు. ఈ దేశంలో ఆవిడ మొదట పాఠం చెప్పిన రోజుల్లో, పాఠం మధ్యలో ఒక ఇంగ్లీషు మాట తట్టక సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయారట. వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు. గదంతా నవ్వింది. “అంతమందిలో ఒక్కరన్నా ‘ఆగండి’ అంటారేమోనని చూశారట. ఎవరూ అనలేదట” అన్నారాయన. పార ఆనించి నిలబడి, “అందుకే మొన్న లేచారని నేననను. అడిగితే కాదనే అంటారు” అని మళ్ళీ మంచు తోయడం మొదలుపెట్టారు.

నిబంధన అమల్లోకి వచ్చింది. పట్టాల పక్క ఇల్లు ఖాళీ అయింది. కొందరు టొరంటో వైపు వెళ్ళారు, కొందరు ఇంకా చిన్న ఇళ్ళలో ఇంకా ఇరుగ్గా సర్దుకున్నారు. కీర్తి చదువు మధ్యలో ఆపి, రెజైనా అనే దూరపు ఊళ్ళో ఎవరో తెలిసినవాళ్ళున్నారని అక్కడికి వెళ్ళి, అక్కడి కాలేజీలో మొదటినుంచి మొదలుపెట్టింది. బస్సెక్కించడానికి నేను వెళ్ళాను. “నువ్వు మంచిగున్నవ్ పో, నీకు కిటికీ ఉన్న రూం ఉన్నది” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న మాట అంది. బస్సు కదిలాక నేను తిన్నగా వేర్‌హౌస్ షిఫ్ట్‌కి వెళ్ళాను. ఆ వారమంతా ఏం చేశానో నాకు గుర్తు లేదు.

క్లైన్ గారు అనసూయగారికి థాంక్స్ చెప్పలేదు. ఆ తర్వాతి మీటింగ్‌లో కూడా ఆవిడ పేరు మొదటి అక్షరం దగ్గరే ఆపారు. ఆవిడ అలవాటు ప్రకారం తన మాట మళ్ళీ చెప్పారు. డారెన్ ఆవిడతో మాట్లాడటం మానేశాడు. వంటింట్లో ఉప్మా తినడానికి మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎన్నికలు వచ్చాయి. ఊరివాళ్ళకి ఆవిడ విద్యార్థుల మనిషి, విద్యార్థులకి ఆవిడ తమని ముంచిన మనిషి. పైగా మాకెవరికీ ఓటు లేదు. ఆవిడ ఓడిపోయారు. క్లైన్ గారు పోటీ చెయ్యలేదు.

పాత కౌన్సిల్ చివరి మీటింగ్‌కి నేను వెళ్ళాను. దిగిపోతున్నవాళ్ళు తలా నాలుగు మాటలు చెబుతారు. అనసూయగారు మంచు తోసే సిబ్బందికి, నియమాలు చూసే ఉద్యోగినికి కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. తర్వాత క్లైన్ గారు లేచారు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, “నేను ఈ గదిలోకి మొదటిసారి వచ్చినప్పుడు...” అన్నారు. అక్కడ ఆగిపోయారు.

మేయర్ గడియారం చూడలేదు. పక్కాయన మాట అందించబోయి, ఆగి, నోరు మూసుకున్నాడు. డారెన్ మైకు మీదినుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకోవడం నేను చూశాను. అనసూయగారు ఆయన వైపు చూడలేదు, చూస్తే ఆయనకి ఇబ్బందని కాబోలు, బల్ల మీద తన చేతుల్నే చూసుకుంటున్నారు. హాల్లో వెనక ఎవరో దగ్గు ఆపుకున్నారు. అలా ఎంతసేపో గడిచింది. అంతసేపు ఒక మనిషి మాట కోసం అంతమంది కదలకుండా ఉండటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

“చెప్పాలనుకున్నది ఒకటి ఉంది” అన్నారు క్లైన్ గారు చివరికి. “రావడం లేదు.”

“మేం ఆగుతాం, కౌన్సిలర్” అన్నాడు మేయర్.

ఆయన ఇంకొంచెంసేపు నిలబడి, తల ఊపి, కూర్చున్నారు. ఏం చెప్పాలనుకున్నారో ఎవరికీ తెలియదు. అనసూయగారి గురించే అయి ఉంటుందని తర్వాత కొందరన్నారు. నేను అలా అనుకోను. ఆయన వంతెనల గురించి చెప్పబోయి ఉండొచ్చు, తన వీధి గురించి చెప్పబోయి ఉండొచ్చు.

ఇప్పుడు నేనూ ఈ దేశ పౌరురాలిని. ఓటేస్తాను. మా ఊరి కౌన్సిల్ మీటింగ్‌లు ఎప్పుడైనా పెట్టుకుని చూస్తాను. ఎవరైనా ఒక మాట దగ్గర తడబడితే ఆ ముక్క కత్తిరించి పొద్దున్నకల్లా అందరి ఫోన్లకీ పంపుతారు. మేయర్ల ద్వారా మాట్లాడటం పేరుకి ఇంకా ఉంది. మనవాళ్ళు కూడా కొందరు కౌన్సిలర్లయ్యారు, వాళ్ళూ బాగానే అరుస్తారు, మేం చప్పట్లు కొడతాం. ఆ రోజు ఒకవైపు కీర్తి ఇల్లు పోయింది, ఇంకోవైపు ఒక గది నిండా మనుషులు ఆగడం నేర్చుకున్నారు. ఆ రెండోది కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తూచడానికి నేను చాలాసార్లు కూర్చున్నాను. నాకు తెగలేదు. కిటికీ ఉన్న గదిలో ఉన్నదాన్ని, తూచే హక్కు నాకుందో లేదో కూడా తెలియదు.

కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన రాత్రి కీర్తికి ఫోన్ చేశాను. తను ఇప్పుడు వాంకూవర్‌లో ఉంటోంది, ఇద్దరు పిల్లలు. అక్కడ ఇంకా సాయంత్రమే. అనసూయగారు పోయారని చెప్పాను. వెనకనుంచి పిల్లలు ఇంగ్లీషులో ఏదో అడుగుతుంటే ఆగమంది.

“నాకింకా కోపం పోలేదే” అంది. “ఆమె చేసింది తప్పే. ఇంకో ఇరవై ఏండ్లు పోయినా తప్పనే అంట.”

“ఊఁ” అన్నాను.

“కానీ ఆ దినం ఆ మాట ఎవడన్న నన్ను అని ఉంటే...” ఆగింది. “నా ఇంగ్లీషును జూసి ఎవడన్న అట్ల నవ్వి ఉంటే, ఆమె అట్లనే లేసి నిలబడుతుండె. ఎవరి ఓటు పోయినా సరే. అది మాత్రం నాకెరుకే.”

నాకు ఏడుపొచ్చింది, చాలా ఏళ్ళ తర్వాత. ఇద్దరం అలా చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉన్నాం, ఇద్దరిలో ఎవరమూ పెట్టెయ్యలేదు.